కవళ్లు ఎటు పోయాయి? మారుతున్న సముద్రం – మత్స్య సంపద

అవగాహన | పర్యావరణం, భూగోళశాస్త్రం, మత్స్యరంగం

నేపథ్యం

కేరళ రేవుల్లో 2012లో దాదాపు 4 లక్షల టన్నుల నూనె కవళ్లు దిగాయి. 2021లో దిగినవి 3,297 టన్నులు. తొమ్మిదేళ్లలో నూటికి తొంభైతొమ్మిది పాళ్లు తగ్గిపోయాయన్నమాట. అక్కడ మత్తి అని పిలిచే ఈ చేప పేదవాడి కూర. వలల మీద, పడవల మీద అప్పు తెచ్చిన కుటుంబాలకు అదే ఆదాయం. అంతలోనే 2022లో దిగుబడి మళ్లీ లక్ష టన్నులు దాటింది. 2023లో 1.38 లక్షల టన్నులకు చేరింది.

'వాతావరణ మార్పులు – మత్స్యరంగం' అన్న ప్రశ్న కనబడగానే చాలామంది అభ్యర్థులు 'సముద్రం వేడెక్కుతోంది, చేపలు తగ్గిపోతున్నాయి' అని రాసి ముగిస్తారు. ఆ వాక్యం 2021కి సరిపోతుంది, 2022కి సరిపోదు. సముద్రం మారిన ప్రతిసారీ చేప చచ్చిపోదు. చాలాసార్లు చోటు మారుస్తుంది, లోతు మారుస్తుంది, గుడ్లు పెట్టే కాలం మారుస్తుంది, సైజు తగ్గుతుంది. పడవ లైసెన్సు, వేట నిషేధ తేదీలు, రాష్ట్రాల సరిహద్దులు మాత్రం ఉన్నచోటే ఉంటాయి. ఈ రెండింటి మధ్య దూరం పెరగడమే అసలు సమస్య అని గుర్తిస్తే ఏ కోణంలో ప్రశ్న వచ్చినా జవాబు రాయగలుగుతాం.

నీటిలో ఏం మారుతోంది?

హరితగృహ వాయువుల వల్ల భూమి మీద పోగవుతున్న అదనపు వేడిలో 90 శాతానికి పైగా సముద్రాలే పీల్చుకున్నాయి. హిందూ మహాసముద్రపు ఉష్ణమండల ప్రాంతంలో 1950 నుంచి 2020 వరకు ఉపరితల ఉష్ణోగ్రత దశాబ్దానికి సుమారు 0.12 డిగ్రీల సెల్సియస్ చొప్పున పెరిగింది. సంఖ్య చిన్నదిగా కనిపించినా దాని ప్రభావం చిన్నది కాదు. పైనీరు వేడెక్కితే తేలికవుతుంది. కింద చల్లగా, బరువుగా ఉన్న నీటితో అంత సులువుగా కలవదు. నైట్రేట్లు, ఫాస్ఫేట్లు ఉండేది ఆ కింది నీటిలోనే. అవి వెలుతురు పడే పొరలోకి రాకపోతే వృక్ష ప్లవకాలు పెరగవు. సముద్రంలో చేపల ఆహార గొలుసుకు మొదటి మెట్టు అవే. పశ్చిమ హిందూ మహాసముద్రంలో గత ఆరు దశాబ్దాల్లో వృక్ష ప్లవకాలు 20 శాతం దాకా తగ్గాయని పుణెలోని భారత ఉష్ణమండల వాతావరణ అధ్యయన సంస్థ శాస్త్రవేత్తల ఆధ్వర్యంలో జరిగిన పరిశోధన 2016లో వెల్లడించింది.

రెండో మార్పు ప్రాణవాయువుది. నీరు వేడెక్కిన కొద్దీ అందులో కరిగి ఉండగల ఆక్సిజన్ తగ్గుతుంది. పైనీరు కిందికి దిగడం మందగిస్తే లోతుకు చేరాల్సిన ఆక్సిజన్ కూడా చేరదు. 1960 నుంచి ప్రపంచ సముద్రాల్లోని ఆక్సిజన్ సుమారు 2 శాతం తగ్గింది.

మూడోది ఆమ్లీకరణ. మనం వదిలే కార్బన్ డయాక్సైడ్‌లో దాదాపు నాలుగో వంతు సముద్రంలో కరిగి కార్బానిక్ ఆమ్లంగా మారుతుంది. పారిశ్రామిక విప్లవానికి ముందు సుమారు 8.2గా ఉన్న ఉపరితల జలాల పీహెచ్ ఇప్పుడు 8.1 దగ్గర ఉంది. పీహెచ్ సంవర్గమాన కొలమానం. కాబట్టి ఈ 0.1 తేడా అంటే హైడ్రోజన్ అయాన్ల గాఢత ఇంచుమించు 30 శాతం పెరిగినట్లు. నీరు ఇప్పటికీ క్షారగుణంతోనే ఉంది. 'సముద్రం ఆమ్లంగా మారిపోయింది' అని రాస్తే తప్పు. దీని దెబ్బ ముందుగా తగిలేది కాల్షియం కార్బొనేట్‌తో గుల్ల కట్టుకునే ఆల్చిప్పలు, పగడాలు, కొన్ని ప్లవకాల మీద.

ఈ నిదానమైన మార్పులకు తోడు సముద్ర వడగాలులు వస్తున్నాయి. ఒక ప్రాంతపు ఉపరితల జలం రోజులు, వారాల తరబడి ఆ కాలానికి ఉండాల్సిన దానికంటే బాగా ఎక్కువ వేడిగా ఉండిపోవడమే సముద్ర వడగాలి. 1982 నుంచి ఇవి రెట్టింపయ్యాయని వాతావరణ మార్పులపై అంతర్ ప్రభుత్వ కమిటీ (ఐపీసీసీ) 2019 ప్రత్యేక నివేదిక పేర్కొంది. 2020 మేలో వచ్చిన వడగాలికి మన్నార్ సింధుశాఖలో 85 శాతం పగడాలు తెల్లబడ్డాయి. పగడపు దిబ్బ పిల్లచేపలు తలదాచుకునే చోటు. దిబ్బ పోతే దాని దెబ్బ కొన్నేళ్ల తర్వాత వలలో కనిపిస్తుంది.

ఉత్తరాన దారి లేని సముద్రం

పాఠ్యపుస్తకాల్లో ఎప్పుడూ కనిపించే మాట: 'నీరు వేడెక్కితే చేపలు ధ్రువాల వైపు జరుగుతాయి'. ఎగువ జలాల్లోని జీవులు 1950ల నుంచి దశాబ్దానికి సగటున 50 కిలోమీటర్ల మేర జరిగాయని ఐపీసీసీ అంచనా. అట్లాంటిక్, పసిఫిక్ సముద్రాల్లో ఇది నిజం. మన దగ్గర ఆ కదలికకు హద్దుంది. అరేబియా సముద్రమైనా, బంగాళాఖాతమైనా ఉత్తరాన ఆసియా ఖండం అడ్డుగోడలా నిలబడి ఉంది. కొంతదూరం పోయాక చేపకు దారి ఉండదు. మిగిలిన దారి కిందికే.

కిందికి దిగితే మరో కష్టం. ఉత్తర హిందూ మహాసముద్రంలో సుమారు వంద, రెండు వందల మీటర్ల లోతు నుంచి ఆక్సిజన్ బాగా తక్కువగా ఉండే మండలం ఉంది. ప్రపంచంలోని అతిపెద్ద ఆక్సిజన్ కనిష్ఠ మండలాల్లో అరేబియా సముద్రానిది ఒకటి. పైన వేడి, కింద ఊపిరాడని నీరు. చేప బతికే పొర రెండు వైపుల నుంచీ సన్నబడుతోంది.

ఇక్కడే చాలామంది పొరబడే విషయం ఒకటుంది. బతికే పొర సన్నబడితే ట్యూనా, కొమ్ముకోనాం లాంటి పెద్ద చేపలు పైపొరలోనే కిక్కిరిసి తిరుగుతాయి. గాలానికి, వలకు తేలిగ్గా చిక్కుతాయి. అప్పుడు దిగుబడి పెరిగినట్లు కనిపిస్తుంది. లెక్కలు చూసినవారు సముద్రం బాగుందనుకుంటారు. నిజానికి పెరిగింది చేప కాదు, చేప దొరికే వీలు. ఏ మత్స్య గణాంకాన్ని చదివినా ఈ తేడా మనసులో పెట్టుకోవాలి.

చేపలు లోతుకు దిగుతున్నాయనడానికి కానాగంతలు మన తీరంలోనే కనిపించే సాక్ష్యం. ఇవి పైనీటి చేపలు. వెనకటి రోజుల్లో దాదాపు అన్నీ పైవలలకే పడేవి. 1985–89 మధ్య దేశం మొత్తం మీద పట్టిన కానాగంతల్లో సముద్రపు అడుగును ఊడ్చే ట్రాల్ వలలకు చిక్కినవి 2 శాతమే. 2003–07 నాటికి అది 15 శాతానికి పెరిగిందని కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు లెక్కకట్టారు. ట్రాలర్లు పెరగడం ఒక కారణం కావచ్చు. చేప లోతుకు దిగడం మరో కారణమని వారి అభిప్రాయం. ఈ చేప శాస్త్రీయ నామం రాస్ట్రెల్లిజర్ కానాగుర్తా. విశాఖపట్నంలో ఈస్టిండియా కంపెనీ ప్రకృతి శాస్త్రవేత్తగా పనిచేసిన పాట్రిక్ రసెల్ అక్కడి 200 చేపల బొమ్మలు, స్థానికులు పిలిచే పేర్లతో 1803లో లండన్‌లో ప్రచురించిన పుస్తకం నుంచి ఆ పేరు శాస్త్రంలోకి వెళ్లింది.

చేప ఒంట్లో ఏం జరుగుతుంది?

చేప శీతరక్త జీవి. నీరు ఎంత వెచ్చగా ఉంటే దాని ఒళ్లూ అంతే. నీరు వేడెక్కితే జీవక్రియ వేగం పెరుగుతుంది, ఆకలి పెరుగుతుంది, ఆక్సిజన్ అవసరం పెరుగుతుంది. అదే సమయంలో నీటిలో ఆక్సిజన్ తగ్గుతుంది, తిండీ తగ్గవచ్చు. ఖర్చు పెరిగి రాబడి తగ్గినప్పుడు ముందుగా కోత పడేది ఎదుగుదల మీద, ఆ తర్వాత అండాశయం మీద.

వేడికి అన్నింటికంటే ముందు లొంగేవి గుడ్లు, లార్వాలు, గుడ్లు పెట్టే దశలోని తల్లిచేపలు. ఎదిగిన చేప తట్టుకోగలిగే ఉష్ణోగ్రతల అవధి కంటే వీటిది చాలా ఇరుకైనది. లార్వా తన పచ్చసొన అయిపోయిన కొద్ది రోజుల్లోనే తిండి వెతుక్కోవాలి. సరిగ్గా ఆ రోజుల్లో ప్లవకాలు పుష్కలంగా ఉంటే ఆ ఏడాది పిల్లలు నిలబడతాయి. వారం, రెండు వారాలు అటూ ఇటూ అయితే తరం మొత్తం పోతుంది. నార్వే శాస్త్రవేత్త యోహాన్ యోర్ట్ 1914లోనే ఈ 'కీలక దశ' గురించి చెప్పారు. ఆ ఆలోచననే బ్రిటిష్ శాస్త్రవేత్త డేవిడ్ కుషింగ్ తర్వాతి కాలంలో 'పొంతన – పొంతన లేమి' పరికల్పనగా విస్తరించారు.

చెన్నై తీరం నుంచి వచ్చిన ఉదాహరణ దీన్ని కళ్లకు కడుతుంది. థ్రెడ్‌ఫిన్ బ్రీమ్ అనే గులాబీ రంగు చేపలో 1980 ప్రాంతంలో మూడో వంతుకు పైగా తల్లిచేపలు ఏప్రిల్–సెప్టెంబరు మధ్య గుడ్లు పెట్టేవి. 2004 నాటికి ఆ నెలల్లో గుడ్లు పెట్టేవి ఇరవయ్యో వంతుకు పడిపోయాయి. మిగిలినవన్నీ చల్లటి నెలలైన అక్టోబరు–మార్చికి మారాయి. చేప ఎక్కడికీ పోలేదు, తన క్యాలెండరు మార్చుకుంది.

కవళ్ల కథ: ఒక్క కారణం చాలదు

నూనె కవళ్లు రెండు, రెండున్నరేళ్లకు మించి బతకని చేపలు. మొదటి ఏడాదిలోనే గుడ్లు పెట్టే ఈడుకు వస్తాయి. ఇంత పొట్టి ఆయువు ఉన్న చేపకు వరసగా రెండు చెడ్డ సంవత్సరాలు వస్తే సంతతి కుప్పకూలుతుంది. ఒక మంచి ఏడాది వస్తే అంతే వేగంగా లేస్తుంది. 2021, 2022 అంకెల వెనక ఉన్న మొదటి సంగతి ఇది.

నైరుతి రుతుపవనాల కాలంలో కేరళ తీరం పొడవునా వీచే గాలులు భూభ్రమణ ప్రభావంతో కలిసి పైనీటిని తీరం నుంచి సముద్రంలోకి నెడతాయి. ఆ ఖాళీలోకి అడుగు నుంచి చల్లటి, పోషకాలున్న నీరు పైకి వస్తుంది. దీన్నే ఊర్ధ్వ ప్రవాహం అంటాం. డయాటమ్‌లు అనే వృక్ష ప్లవకాలు విరగబెరుగుతాయి. వాటిలో ఫ్రజిలేరియా ఓషియానికా అనే రకం ఎక్కువగా కనిపించిన ఏడాది కవళ్లు బాగా పడతాయని 1950ల నుంచే గమనించారు. తొలకరితో తల్లిచేపలు తీరానికి దగ్గరగా వచ్చి గుడ్లు పెడతాయి. వానలు తగ్గేసరికి పిల్లలు బలిసి గుంపులు కడతాయి.

ఊర్ధ్వ ప్రవాహం మరీ బలంగా ఉన్నా ప్రమాదమే. అడుగు నీరు పోషకాలతో పాటు ఆక్సిజన్ లేమినీ వెంటబెట్టుకొస్తుంది. అప్పుడు కవళ్లు తీరం వదిలి దూరంగా పోతాయి. ప్రవాహం బలహీనపడితే తిండి ఉండదు, మితిమీరితే ఊపిరి ఆడదు.

2010–12 మధ్య రికార్డు దిగుబడుల కోసం పెద్ద తల్లిచేపలను, పిల్లలను కూడా విపరీతంగా పట్టేశారు. ఆ తర్వాత 2015లో బలమైన ఎల్‌నినో, అంటే పసిఫిక్ జలాలు వేడెక్కే దశ, వచ్చింది. నీరు వేడెక్కి, తిండి తగ్గి, బతికి ఉన్న చేపల్లో అండాశయాలు సరిగా ఎదగలేదు. అతివేట, వాతావరణం రెండూ కలిసి దెబ్బ తీశాయని కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ శాస్త్రవేత్తల నిర్ధారణ. అతివేట లేకుంటే ఎల్‌నినో దెబ్బను ఆ సంతతి తట్టుకునేదని నా అభిప్రాయం. తల్లిచేపల నిల్వ ఉన్న సముద్రానికి చెడ్డ ఏడాదిని దాటే శక్తి ఉంటుంది.

ఇలాంటి కరువు అంతకుముందూ వచ్చింది. 1940లలో మలబారు తీరంలో కవళ్లు అడుగంటాయి. అప్పుడు మలబారు, ఆంధ్ర జిల్లాలు రెండూ మద్రాసు ప్రెసిడెన్సీలోనివే. ఆ ప్రభుత్వం 1943లో పిల్లకవళ్లను పట్టే వలలపై ఆంక్షలు పెట్టింది. కాబట్టి హెచ్చుతగ్గులు ఈ చేపకు సహజం. వేడెక్కుతున్న సముద్రం ఆ హెచ్చుతగ్గులను ఇంకా తీవ్రం చేస్తుందన్నది నేటి భయం.

చోటు మార్పు సంగతీ గమనించాలి. 1980ల మధ్య వరకు నూనె కవళ్లు దాదాపు పూర్తిగా మలబారు తీరానివే. ఆ తర్వాత ఉత్తరాన గుజరాత్ వైపు, ఇటు తమిళనాడు, ఆంధ్ర తీరాలకూ విస్తరించాయి. కేరళకు నష్టమైంది మరో తీరానికి కొత్త పంట అవుతోంది. అయితే ఆ కొత్త పంటను పట్టే వలలు, నిల్వచేసే ఐసు, కొనే అలవాటు ఆ తీరంలో ఉండాలి కదా.

బంగాళాఖాతం తీరు వేరు

గంగ, బ్రహ్మపుత్ర, మహానది, గోదావరి, కృష్ణ అన్నీ వచ్చి కలిసేది ఇక్కడే. పాల మీద మీగడలా ఉప్పు నీటి మీద మంచినీటి పొర తేలుతుంది. ఆ పొర గాలికి కూడా సులువుగా కలవదు. అందుకే అరేబియా సముద్రంతో పోలిస్తే బంగాళాఖాతంలో ఊర్ధ్వ ప్రవాహం బలహీనం, ప్లవకాల ఉత్పత్తి తక్కువ. పైపొర వేడిని పట్టి ఉంచుతుంది కనుక తుపానులకు కావలసిన శక్తి దొరుకుతుంది. తుపాను హెచ్చరిక వచ్చిన ప్రతిసారీ పడవలు రేవులోనే ఆగిపోతాయి. పోయిన ఆ వేట రోజులు కూడా సముద్ర మార్పుల ఖాతాలో రాయాల్సిన నష్టమే.

విశాఖ తీరంలో వేసవికి ముందు నెలల్లో అడుగు నీరు పైకి వస్తుందని 1950లలో ఆంధ్ర విశ్వవిద్యాలయంలో పనిచేసిన అమెరికన్ శాస్త్రవేత్త యూజీన్ లాఫాండ్ నమోదు చేశారు. మన తూర్పు తీరపు సముద్ర అధ్యయనానికి పునాది అక్కడే పడింది.

నదుల నుంచి వచ్చే మంచినీరు తగ్గినా, వేళ తప్పినా చేపకు కబురు తప్పుతుంది. వరద నీరు సముద్రంలో కలిసినప్పుడే హిల్సా గోదావరి ముఖం పట్టి ఎదురీదుతుంది, పులసగా మారుతుంది. ధవళేశ్వరం ఆనకట్ట ఆ దారిని 19వ శతాబ్దంలోనే కుదించింది. వానల కాలం అటూ ఇటూ అయితే ఉన్న కొద్ది దారీ నమ్మకం లేనిదవుతుంది. కోరింగ మడ అడవులు రొయ్య పిల్లలకు, చేప పిల్లలకు పుట్టిల్లు. ఉప్పాడ దగ్గర తీరం కోసుకుపోతున్న తీరు చూస్తే అలాంటి పుట్టిళ్లు ఎంత విలువైనవో తెలుస్తుంది.

పసిఫిక్ నుంచి రెండు ఉదాహరణలు

పెరూ ఆంకోవెటా లేకుండా ఈ అంశం పూర్తికాదు. హంబోల్ట్ శీతల ప్రవాహంలో పెరిగే ఈ చిన్న చేప 1970లో 1.2 కోట్ల టన్నులకు పైగా పడింది. 1972–73 ఎల్‌నినోతో వెచ్చని నీరు తీరాన్ని కమ్మేసింది. 1973లో పట్టుబడి 20 లక్షల టన్నుల లోపుకు పడిపోయింది. ఇక్కడా అతివేట ముందు నడిచింది, ఎల్‌నినో వెనక వచ్చింది. 2023లో పిల్లచేపలు మరీ ఎక్కువగా కనిపించడంతో పెరూ మొదటి వేట సీజన్‌నే రద్దు చేసింది. దీనికి రొయ్యలు సాగుచేసే మన భీమవరంతోనూ సంబంధం ఉంది. ఆంకోవెటా ఎక్కువగా చేపపొడిగా మారుతుంది, రొయ్యల మేతలో చేపపొడి ముఖ్య దినుసు. ప్రపంచంలో చేపపొడి ఎక్కువగా ఎగుమతి చేసే దేశం పెరూయే.

బేరింగ్ సముద్రపు మంచు పీతలది మరో రకం విషాదం. 2018–19 సముద్ర వడగాలి తర్వాత 1,000 కోట్లకు పైగా పీతలు లేకుండా పోయాయి. 2022లో అలాస్కా ఆ వేటను మొదటిసారి మూసేసింది. ఆ నీటి వేడి పీతను నేరుగా చంపేంతది కాదు. వేడికి ఆకలి పెరిగింది, అన్ని పీతలకూ సరిపడా తిండి లేక మాడిపోయాయని పరిశోధకులు తేల్చారు.

చేప కదిలింది, నియమం కదల్లేదు

తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు మరపడవల వేట నిషేధం. పశ్చిమ తీరంలో జూన్ 1 నుంచి జులై 31 వరకు. చేపలు గుడ్లు పెట్టే కాలమన్నది దీనికి ప్రధాన ఆధారం. చెన్నై బ్రీమ్ చేపలా గుడ్ల కాలం చలికాలానికి మారిన రకాలకు ఈ రక్షణ అందదు. అలాగని నిషేధం వృథా కాదు. ట్రాలర్లు రెండు నెలలు ఆగడం వల్ల అడుగు జీవులన్నింటికీ ఊరట దొరుకుతుంది. నిషేధాన్ని ఉంచుతూనే తేదీలను జాతుల వారీగా, తీరాల వారీగా కొన్నేళ్లకోసారి సమీక్షించాలి. నిషేధ కాలంలో జరుగుబాటుకు ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఇచ్చే సాయాన్ని 2025లో రూ.20 వేలకు పెంచింది.

సరిహద్దులదీ ఇదే తీరు. తీరం నుంచి 12 నాటికల్ మైళ్ల లోపు వేట రాష్ట్రాల పరిధి, ఆపైన 200 మైళ్ల దాకా ఉన్న ప్రత్యేక ఆర్థిక మండలి కేంద్రం పరిధి. చేప రెంటి మధ్యా, రాష్ట్రాల మధ్యా తిరుగుతుంది. ఈశాన్య అట్లాంటిక్‌లో మాకెరల్ 2007 తర్వాత ఐస్‌లాండ్ జలాల్లోకి విస్తరించినప్పుడు ఎవరి వాటా ఎంతన్న తగాదా ఐస్‌లాండ్, ఐరోపా యూనియన్, నార్వే, ఫారో దీవుల మధ్య ఏళ్ల తరబడి నలిగింది. ఊళ్ల మధ్యా ఇదే గొడవ. 2022 జనవరిలో విశాఖలో రింగు వలల వాడకంపై మత్స్యకార గ్రామాలు ఘర్షణపడ్డాయి. గుంపుచేప మొత్తాన్ని ఒక్క చుట్టులో లాగే వల ఒకరి చేతిలో ఉండి, పక్కవాడి చేతిలో చిన్న వల ఉంటే, చేప అరుదైన ఏడాది ఆ తేడా నిప్పవుతుంది. నష్టపోయేది ఎప్పుడూ నాటుపడవే. మరపడవ డీజిల్ పోసుకుని చేప వెనక ఇంకో వంద కిలోమీటర్లు పోగలదు.

హైదరాబాద్ నుంచి వేటకు దారి

సముద్రానికి వందల కిలోమీటర్ల దూరంలో ఉన్న హైదరాబాద్‌లో భారత జాతీయ మహాసముద్ర సమాచార సేవల కేంద్రం, అంటే ఇన్‌కాయిస్, 1999 నుంచి పనిచేస్తోంది. ఇది కేంద్ర భూవిజ్ఞాన శాఖ పరిధిలోని సంస్థ. ఉపగ్రహాలు పంపే ఉపరితల ఉష్ణోగ్రత, పత్రహరితం వివరాలను కలిపి చూసి, వెచ్చని నీరు, చల్లని నీరు కలిసే అంచులను గుర్తిస్తుంది. ప్లవకాలు, వాటి వెనక చేపలు ఆ అంచుల్లోనే గుమికూడతాయి. ఆ సమాచారం 'చేపలు దొరికే అవకాశమున్న ప్రాంతాల సూచన'గా తెలుగుతో సహా తీరభాషల్లో రేవుకు చేరుతుంది. అందులో ప్రతి రేవుకూ ఏ దిక్కున, ఎన్ని డిగ్రీల కోణంలో, ఎన్ని కిలోమీటర్ల దూరంలో, ఎంత లోతులో, ఏ అక్షాంశ రేఖాంశాల దగ్గర వేట బాగుంటుందో రాసి ఉంటుంది. నిషేధ కాలంలో సూచనలు ఇవ్వరు.

వెతికే సమయం, డీజిల్ కలిసొస్తాయి. కానీ ఈ సేవ చేప ఎక్కడుందో చెబుతుంది, ఎంత వదలాలో చెప్పదు. బలహీనపడ్డ సంతతిని మరింత నేర్పుగా వెతికి పట్టడం మేలు కాదు. అందుకే కేరళలా కనీస చట్టబద్ధ పరిమాణం అమలు చేయడం ముఖ్యం. అక్కడ నూనె కవళ్లకు అది 10 సెంటీమీటర్లు. 2024లో గుంపులు మరీ పెరిగి, తిండికి పోటీ ఎక్కువై కవళ్లు సైజు పెరగకుండా ఉండిపోయాయి. సంఖ్య పెరిగినా బరువు పెరగకపోవచ్చన్న పాఠం అది.

పరీక్ష కోణం

ప్రిలిమ్స్‌కు: కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ 1947లో మొదలైంది, ప్రధాన కార్యాలయం ఇప్పుడు కొచ్చి. జాతీయ మత్స్య అభివృద్ధి బోర్డు 2006లో ఏర్పడింది, కార్యాలయం హైదరాబాద్. ఓషన్‌శాట్ శ్రేణిలోని ఈఓఎస్–06 ప్రయోగం 2022 నవంబరు 26. నాలుగో ప్రపంచ పగడాల తెల్లబాటును ప్రకటించింది 2024 ఏప్రిల్‌లో. సుస్థిరాభివృద్ధి లక్ష్యం 14లో 14.3 ఆమ్లీకరణకు, 14.4 అతివేటకు, 14.6 వేట సబ్సిడీలకు సంబంధించినవి. హానికర సబ్సిడీలపై ప్రపంచ వాణిజ్య సంస్థ ఒప్పందం ఆమోదం పొందింది 2022 జూన్‌లో. ఆంధ్రప్రదేశ్ తీరరేఖ 974 కిలోమీటర్లని చదివినవారు కొత్త గణనను చూసుకోవాలి. అది ఇప్పుడు 1,053 కిలోమీటర్లు. దేశానిది 11,098 కిలోమీటర్లు.

మెయిన్స్‌కు సాధన ప్రశ్న: 'ఉత్తర హిందూ మహాసముద్రపు భౌగోళిక రూపం అక్కడి చేపలకు వాతావరణ మార్పులను మరింత కష్టం చేస్తుంది. చర్చించి, భారత వేట నియంత్రణలో మార్పులను సూచించండి.' ఆసియా ఖండపు అడ్డు, ఆక్సిజన్ కనిష్ఠ మండలం, కానాగంతల లోతు మార్పు, బ్రీమ్ చేప గుడ్ల కాలం, 61 రోజుల నిషేధం... ఈ క్రమంలో రాసుకుంటూ వెళ్లండి. దిగుబడి అంకెలు వాడితే 2012, 2021, 2022 మూడింటినీ కలిపే వాడండి.